శ్రీశైల శివరాత్రిని నిలబెట్టినవారు

శ్రీశైల శివరాత్రి చరిత్ర చెప్పమంటే మనవాళ్లు ముందుగా రాజుల పేర్లే వరుసపెడతారు. ప్రోలయ వేమారెడ్డి కొండకు మెట్లు కట్టించాడు, అనవేమారెడ్డి 1377లో వీరశిరోమండపం నిలిపాడు, విజయనగర రాణి విఠలాంబ పాతాళగంగకు సోపానాలు వేయించింది. ఇవి కాదనలేని దానాలే. కానీ వీటినిబట్టి మాఘ బహుళ చతుర్దశి తిరునాళ్లకు రాజులే ప్రాణం పోశారనుకుంటే కాలక్రమం తలకిందులవుతుంది. ఆ ఉత్సవాన్ని నిలబెట్టినవారు కాలినడకన వచ్చిన భక్తులు, నేతగాళ్లు, నల్లమల చెంచులు.

రెడ్డిరాజుల మెట్లకంటే ముందే, కాకతీయుల కాలంలో, పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్రలో శ్రీశైల యాత్రను వర్ణించాడు. శివరాత్రికి కొండెక్కే జనం అందులో గుంపులు గుంపులుగా కనిపిస్తారు. తుమ్మెద పదాలు, ప్రభాత పదాలు, వెన్నెల పదాలు అంటూ నాటి జనం పాటల పేర్లూ ఆ కావ్యంలోనే దొరుకుతాయి. సోమనాథుడు వీరశైవుడు కదా, తన మతాన్ని పెంచి చెప్పి ఉండడా అని ఎవరైనా అడగవచ్చు. మహిమల విషయంలో ఆ అనుమానం సబబే. అయితే వినేవాళ్లందరికీ తెలిసిన పాటల పేర్లను కల్పించాల్సిన పని ఏ కవికీ ఉండదు. మెట్లు లేకుండా అంతమంది ఎలా ఎక్కారన్నది మరో ప్రశ్న. మెట్లు ప్రయాణాన్ని సులువు చేశాయి, నిజమే. కానీ జనం నడవని దారికి మెట్లు కట్టించి పుణ్యం ఆశించే రాజు ఉండడు. బస్సు గుడిదాకా వస్తున్న ఈ రోజుల్లోనూ ఆత్మకూరు వైపు నుంచి నాగలూటి, పెచ్చెరువు, భీముని కొలను మీదుగా వేలమంది నడిచే వస్తారు. నడకే వాళ్ల మొక్కు.

ఇక శివరాత్రి నాటి పాగాలంకరణ చూడండి. చీరాల ప్రాంతపు దేవాంగ నేతకారుడు రోజుకో మూర చొప్పున ఏడాదంతా ఒకే వస్త్రం నేస్తాడు. ఆ రాత్రి గుడిలో దీపాలన్నీ ఆర్పేశాక దిగంబరుడై, గర్భాలయ శిఖరం నుంచి ముఖమండపం మీది నందులదాకా చీకట్లోనే దాన్ని చుడతాడు. అది పెళ్లికొడుకు తలపాగా. అది పూర్తయ్యాకే స్వామికి కల్యాణం. చెంచులైతే శ్రీశైల మల్లన్నను తమ ఇంటి అల్లుడిగానే ఎంచుతారు. ఇవి నేటి ఆచారాలు, పాతకాలానికి సాక్ష్యాలెలా అవుతాయని చరిత్రకారులు అభ్యంతరం చెప్పవచ్చు. వీటినిబట్టి ఏ శతాబ్దినీ నిర్ణయించలేం, ఒప్పుకోవాల్సిందే. కానీ ఉత్సవంలో ఎవరి హక్కు ఎక్కడుందో ఇవి స్పష్టంగా చెబుతాయి. దేవుడి పెళ్లి తంతులో ముందు నిలిచే హక్కు ఒక్క రాత్రిలో పుట్టదు, తరతరాల సేవతోనే దక్కుతుంది.

రాజ్యాలు పోయినా ఈ తిరునాళ్లు ఆగకపోవడానికి కారణం ఇదే. దాతలు మారారు, చేసేవాళ్లు మారలేదు. కాబట్టి శ్రీశైల చరిత్ర రాసేవారు శాసనాలను ఎంత శ్రద్ధగా చదువుతారో, ఈ నడకదారులనూ మగ్గాలనూ చెంచుల గూడేలైన పెంటల్లోని కథలనూ అంతే శ్రద్ధగా నమోదు చేయాలి.