తలుపు చాటు దుఃఖానికి తోడు



ఇంటాయన తాగి వచ్చిన రాత్రి మనం మొదట చేసే పని ఏమిటి? వీధి తలుపు మూయడం. తరువాత, పక్కింటివాళ్ళు వినకుండా రేడియోయో టీవీయో కాస్త గట్టిగా పెట్టడం. తెల్లారాక ఆఫీసుకి "ఆయనకి ఒంట్లో బాగులేదండీ" అని కబురు పంపడం. కోనసీమ పల్లెలోనైనా, రాజమండ్రి మేడలోనైనా పద్ధతి ఒక్కటే. ఈ మూసిన తలుపు తెరవడానికి ఎవరెవరు ఏ దారులు తొక్కారో ఇవాళ చెప్పుకుందాం.

మన పెద్దలు మొదట ఒట్టును నమ్మారు. 1904 నుంచి 1919 దాకా కాకినాడ పిఠాపురం రాజావారి కళాశాలకి ప్రిన్సిపాలుగా ఉన్న రఘుపతి వేంకటరత్నం నాయుడుగారు శీలశుద్ధి ఉద్యమం నడిపి, మద్యం ముట్టవద్దని యువకులకు బోధించారు. గొప్ప పనే. కాని ఒట్టు తాగనివాణ్ణి కాపాడినట్టు, తాగుడికి లోబడ్డవాణ్ణి కాపాడలేదు. మన ఇళ్ళలో పిల్లల తలమీద చెయ్యిపెట్టి వేసిన ఒట్లు ఎన్ని గట్టెక్కాయో మీకు తెలియనిదా?

తరువాత చట్టాన్ని నమ్మాం. 1937లో రాజాజీగారు సేలం జిల్లాలో మొదలుపెట్టిన మద్యనిషేధం 1948 నాటికి మద్రాసు రాష్ట్రమంతటా, మన గోదావరి జిల్లాలతో సహా, అమలులోకి వచ్చింది. 1954లో ఈ నిషేధం గొడవ మీదనే ప్రకాశం పంతులుగారి ప్రభుత్వం ఒక్క ఓటు తేడాతో పడిపోయింది. 1960ల చివర నిషేధం సడలింది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు సారా కొట్టు మూయించారు. 1993 అక్టోబరు 1న సారా, 1995 జనవరిలో మద్యమంతా నిషేధమయ్యాయి. 1997లో అదీ సడలింది. అంటే కొట్టు మూస్తారు, తెరుస్తారు. ఇంట్లో మనిషి మాత్రం అక్కడే ఉంటాడు.

అయితే దూబగుంటలో ఇంకొక సంగతి గమనించండి. ఆ ఆడవాళ్ళు చదువు నేర్చుకోవడానికి ఒకచోట కూర్చున్నారు. కూర్చున్నాక, ఎవరి ఇంటి దుఃఖం వాళ్ళది కాదు, అందరిదీ ఒకటే అని తెలిసింది. బలం అక్కడినుంచి వచ్చింది.

ఇదే సంగతి అమెరికాలో మరో విధంగా తేలింది. 1935లో బిల్ విల్సన్ అనే న్యూయార్కు వ్యాపారి ఏక్రన్ అనే ఊరికి పనిమీద వెళ్ళాడు. పని చెడింది. తాగాలనే కోరిక పుట్టింది. అప్పుడాయన వెతికింది ఉపదేశం చేసేవాణ్ణి కాదు, తనలాంటి తాగుబోతుని! బాబ్ స్మిత్ అనే డాక్టరు దొరికాడు. ఇద్దరూ గంటల తరబడి మాట్లాడుకున్నారు. ఆ ఏడు జూన్ 10న డాక్టరుగారు ఆఖరుసారి తాగారు. అదే 'ఆల్కహాలిక్స్ ఎనానిమస్', అంటే పేరు బయటపెట్టని తాగుబోతుల సంఘం, పుట్టిన రోజు. రుసుము లేదు, ఇంటి పేరు అడగరు. "ఇవాళ ఒక్క రోజు తాగను" అనుకోవడమే వాళ్ళ సూత్రం.

మరి భార్యలో? భర్తలు లోపల మాట్లాడుకుంటుంటే, వాళ్ళు బయట కబుర్లు మొదలుపెట్టారు. తాగింది భర్త అయినా, మతి చెదిరింది తమకీ అని తెలుసుకున్నారు. 1951లో విల్సన్ భార్య లోయిస్ మరొకావిడతో కలిసి కుటుంబాలవారికి 'అల్-ఎనాన్' అనే సంఘం పెట్టారు. భర్త మానినా మానకపోయినా భార్య అక్కడికి వెళ్ళవచ్చును.

1957లో ఈ ఉద్యమం మనదేశానికి వచ్చింది. తాగుడువల్ల భర్తను పోగొట్టుకున్న శాంతి రంగనాథన్‌గారు 1980లో మద్రాసులో చికిత్సా కేంద్రం నెలకొల్పారు. మూసిన తలుపు తెరిచిన ఇల్లాలంటే ఆవిడే.

మరి మన దగ్గర ఎలా వెతుక్కోవాలి? 14446 అనే జాతీయ సహాయ నంబరుకి ఫోను చేస్తే డబ్బు ఖర్చులేదు. కాకినాడ ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. అక్కడి డాక్టరుగారిని రెండు ప్రశ్నలు అడగండి: "ఏ.ఏ. వాళ్ళు ఏ ఊళ్ళో, ఏ రోజు కలుస్తారండీ? ఇంట్లోవాళ్ళ కోసం కూడా సంఘం ఉందా?" మీ ఊళ్ళో లేకపోతే పక్క ఊళ్ళో ఉన్నా సరే. ఆయన రానంటే ముందు మీరు వెళ్ళండి.

రెండు జాగ్రత్తలు చెప్పి ముగిస్తాను. ఏళ్ళ తరబడి రోజూ తాగేవాళ్ళు ఉన్నట్టుండి మానితే వణుకు, మూర్ఛ, మతిభ్రమ రావచ్చు. ప్రాణం మీదికీ రావచ్చు. కనుక డాక్టరు సలహాతోనే మానిపించాలి. ఎవరో చెప్పారని పప్పులోనో కాఫీలోనో మాత్ర కలిపి తెలియకుండా పెట్టకండి. దానిమీద మద్యం పడితే గుండెకి ముప్పు, నమ్మకానికీ ముప్పే.

ఒట్లు చూశాం, చట్టాలు చూశాం. మిగిలింది మనిషికి మనిషి తోడు. పరువు పోతుందని మూసిన తలుపు వెనక పోయేది పరువు కాదమ్మా, ప్రాణం. గడియ తీయండి. అవతల మీలాంటివాళ్ళే ఉన్నారు.