దళసరి మంగలికత్తి: ఉక్కు, సాన, పదును

వెన్ను దగ్గర మందంగా ఉండి, రెండు పక్కలా చదునుగా అంచు దాకా ఏటవాలుగా దిగే మడత మంగలికత్తిని దళసరి కత్తి అంటారు. పద్దెనిమిదో శతాబ్దంలోనూ, పంతొమ్మిదో శతాబ్దం తొలి సగంలోనూ గడ్డాలు గీసినవి ఎక్కువగా ఇలాంటివే. దీన్ని నూరడం కష్టం. ఆ కష్టానికి సగం కారణం కత్తి ఆకారమైతే, మిగతా సగం ఉక్కు గట్టిదనం. ఆ ఉక్కు చరిత్రలో తెలంగాణకు పెద్ద వాటా ఉంది.

నిజామాబాద్ ప్రాంతంలోని కోనసముద్రంలో కమ్మరులు ఇనుమును మట్టి మూసల్లో పెట్టి, కొలిమిలో కరిగించి, నెమ్మదిగా చల్లార్చి ఉక్కు ముద్దలు తీసేవారు. 1820ల్లో ఆ పనిని కళ్లారా చూసిన సర్వే వైద్యుడు హెన్రీ వోయ్‌సీ, ఆ ఉక్కు కొనడానికి ఇస్ఫహాన్ నుంచి వచ్చిన వర్తకుణ్ణి కూడా అక్కడే కలిశాడు. వోయ్‌సీ రాసిన వివరాలు 1832లో కలకత్తా ఏషియాటిక్ సొసైటీ పత్రికలో అచ్చయ్యాయి. ఈ జాతి భారతీయ ఉక్కు నమూనాలు 1790ల్లోనే లండన్ చేరాయి. జార్జ్ పియర్సన్ 1795లో వాటిపై ప్రయోగాల వివరాలు ప్రకటించాడు. జేమ్స్ స్టోడార్ట్ అనే కత్తుల తయారీదారు ఈ ఉక్కు ఐరోపా ఉక్కు కంటే మేలని తన దుకాణం ప్రకటన కార్డులోనే అచ్చు వేయించాడు. తరవాత శాస్త్రవేత్త మైకేల్ ఫారడేతో కలిసి 1820, 1822ల్లో ఉక్కు మిశ్రమాలపై పరిశోధన పత్రాలు వెలువరించాడు. తన ఉక్కుతో చేయించిన మంగలికత్తులను ఫారడే స్నేహితులకు కానుకగా ఇచ్చేవాడు. ఫారడే కమ్మరి కొడుకు, అతను ఇచ్చే కానుక అంతకంటే ఏముంటుంది!

మార్కెట్టును ఏలింది మాత్రం ఇంగ్లండులోని షెఫీల్డ్. 1740ల్లో బెంజమిన్ హంట్స్‌మన్ అక్కడ మూస ఉక్కు తయారీని నిలబెట్టాక, జోసెఫ్ రోజర్స్ వంటి కత్తుల కంపెనీల పేర్లు భారతదేశం దాకా వచ్చాయి.

ఇక నూరుడు. కత్తిని సానరాయి మీద పడుకోబెడితే వెన్నూ అంచూ రెండూ రాయిని తాకాలి. కోణాన్ని నిర్ణయించేది చెయ్యి కాదు, వెన్ను. 6 మిల్లీమీటర్ల వెన్ను, 20 మిల్లీమీటర్ల వెడల్పు ఉన్న కత్తికి అంచు కోణం సుమారు 17 డిగ్రీలు వస్తుంది. వెన్ను ఎత్తి అంచును మాత్రమే నూరితే కోణం పెరిగిపోతుంది, కత్తి వెంట్రుకను తెంచకుండా లాగుతుంది. దళసరి కత్తికి పక్క మొత్తం రాయికి ఆనుతుంది కాబట్టి అరగాల్సిన లోహం చాలా ఎక్కువ, పని గంటల తరబడి సాగుతుంది. రాయి మీద అంచును ముందుకు నడుపుతూ, మొదలు నుంచి కొన దాకా ఏటవాలుగా జరుపుతారు. చివర తోలుపట్టీ మీద మాత్రం వెన్నును ముందుకు పెట్టి లాగాలి. దిశ తప్పితే అంచు తోలులో దిగబడి పాడవుతుంది.

పంతొమ్మిదో శతాబ్దం రెండో సగంలో పక్కలను లోపలికి గుల్లగా చెక్కిన జర్మనీ జోలింగెన్ కత్తులు వ్యాపించాయి. గుల్ల కత్తి రాయిని రెండు సన్నటి గీతల దగ్గరే తాకుతుంది, అందుకే త్వరగా పదునెక్కుతుంది.

కత్తికి పదును ఎంత అవసరమో దండు బస్తీలను చూస్తే తెలుస్తుంది. 1806లో ఏర్పడిన సికింద్రాబాద్ కంటోన్మెంటులో బోయిన్‌పల్లి ఒక భాగం. బ్రిటిష్ హయాంలో ఇలాంటి దండు బస్తీల్లో క్షురకుడు తెల్లవారకముందే బారకాసులకు వెళ్లి, నిద్రపోతున్న సోల్జరుకు మెలకువ రాకుండానే గడ్డం గీసేవాడని ఆనాటి జ్ఞాపకాలు చెబుతాయి. పదునులో ఏమాత్రం లోపమున్నా ఆ పని సాగదు. క్షురకుడి పొదిలో సానరాయి, తోలుపట్టీ కత్తితో సమానంగా చోటు పొందింది అందుకే.

1903లో జిల్లెట్ బ్లేడ్లు అమ్మకానికి వచ్చాక ఇంట్లో గడ్డం గీసుకునే తీరు మారింది. క్షౌరశాల చాలా కాలం మారలేదు. ఎయిడ్స్ భయం వ్యాపించాకే ఒకరికి వాడిన అంచు మరొకరికి వద్దన్న జాగ్రత్త బలపడింది. ఇప్పుడు బోయిన్‌పల్లి సెలూన్లలోనూ క్షురకుడు కొత్త బ్లేడును కాగితంలోనే మధ్యకు విరిచి, సగం ముక్కను బ్లేడు మార్చే మడత కత్తి అయిన ఉస్తరాలో బిగిస్తాడు. పని అయ్యాక దాన్ని పారేస్తాడు. పాత షెఫీల్డ్ కత్తులను సేకరించేవారు మాత్రం ఇప్పటికీ దళసరి కత్తిని నూరుతున్నారు. వెన్ను అరగకుండా దానికి ఒక పొర టేపు అంటిస్తారు, దాంతో కోణం కాస్త పెరిగి రాయి అంచు దగ్గరే పనిచేస్తుంది.