మాస్కోలో అచ్చయిన తెలుగు పుస్తకం

ఒక దేశం సైన్యాన్ని చూపి బెదిరించకుండా, ధనాశ పెట్టకుండా, తన సాహిత్యం, కళలు, విద్య, జీవనవిధానాల పట్ల ఇతరులలో ఆదరం కలిగించి వారి మొగ్గును తనవైపు తిప్పుకోవడాన్ని మృదుశక్తి అంటారు. అమెరికన్ రాజనీతి శాస్త్రవేత్త జోసెఫ్ నై 1990లో ఈ భావనకు పేరు పెట్టేనాటికి, ఆ పనిని దశాబ్దాలుగా సాగించిన సోవియట్ యూనియన్ అవసానదశకు చేరుకుంది.

1931లో విదేశీ కార్మికుల ప్రచురణ సంఘంగా మొదలై, 1960లలో ప్రగతి ప్రచురణాలయంగా మారిన మాస్కో సంస్థ, వృక్షశాస్త్రవేత్త కూడా అయిన ఉప్పల లక్ష్మణరావు, రాళ్లబండి వెంకటేశ్వరరావు వంటి అనువాదకులను అక్కడికే రప్పించి, తెలుగు పుస్తకాలను అక్కడే అచ్చువేయించింది. గట్టి అట్టలతో, రంగుల బొమ్మలతో వచ్చిన ఆ పుస్తకాలు, ఖర్చులో అధికభాగం సోవియట్ ప్రభుత్వమే భరించినందువల్ల, అతి చౌకగా దొరికేవి. రూపాయలలోనే చెల్లింపులకు వీలు కల్పించిన 1953 నాటి వాణిజ్య ఒప్పందం వల్ల విదేశీ మారకద్రవ్యం చిక్కు కూడా తప్పింది. విజయవాడ కేంద్రంగా పనిచేసిన విశాలాంధ్ర ప్రచురణాలయం వాటిని తన దుకాణాలలోనే గాక సంచార పుస్తకశాలల ద్వారా చిన్న ఊళ్లకూ చేర్చింది. అమెరికా కూడా ఊరకుండలేదు గాని, 1964లో హైదరాబాదులో వెలసిన అమెరికన్ అధ్యయన పరిశోధన కేంద్రం ప్రధానంగా ఆంగ్లం చదివే విశ్వవిద్యాలయ పండితులకు ఉద్దేశించినది. మాస్కో మాత్రం తెలుగు తప్ప మరో భాష రాని పాఠకుణ్ణి, చివరకు బడిపిల్లలనూ లెక్కలోకి తీసుకుంది.

అయితే ఈ ఆదరాన్ని మాస్కోయే పుట్టించిందనడం పొరపాటు. రష్యన్ రచయిత గోర్కీ నవల ‘అమ్మ’ను క్రొవ్విడి లింగరాజు స్వాతంత్ర్యానికి ముందే తెలుగు చేశారు, అభ్యుదయ సాహిత్యోద్యమం అప్పటికే పాఠకులను సిద్ధం చేసి ఉంచింది. పైగా పంపినవారి ఉద్దేశం, అందుకున్నవారి అభిరుచి ప్రతిచోటా ఏకం కాలేదు: ప్రభుత్వం తాను నిర్మించిన కొత్త సమాజాన్ని చూపదలచుకోగా, పాఠకుల మనసులో నిలిచినవారిలో టాల్‌స్టాయ్, చెహోవ్‌లు కూడా ఉన్నారు, వారేమో రష్యన్ విప్లవానికి ముందే కన్నుమూసినవారు. 1964లో భారత కమ్యూనిస్టు పార్టీ చీలిపోయినపుడు, సోవియట్ విధానాన్ని తప్పుపట్టిన వర్గం వారి ఇళ్లలోనూ గోర్కీ, సోవియట్ నవలాకారుడు ఒస్త్రోవ్‌స్కీల పుస్తకాలు ఉండేవంటే, పుస్తకంపై మమకారం రాజకీయ విధేయతగా మారుతుందన్న లెక్క ఎంత అస్థిరమైనదో అర్థమవుతుంది.

1991 డిసెంబరులో సోవియట్ రాజ్యం అంతరించడంతో మాస్కో నుంచి ఆ చౌక పుస్తకాల రాక నిలిచిపోయింది. ఆ తరువాత ‘మంచి పుస్తకం’ వంటి తెలుగు సంస్థలు వాటిలోని పిల్లల కథలను, ఏ రాయబార కార్యాలయం ప్రోద్బలమూ అవసరం లేకుండానే, తిరిగి అచ్చువేశాయి.