వాంకీ ఒడ్డున పరాయి తుపాకులు

ఒక దేశంలో ప్రభుత్వానికీ తిరుగుబాటుదారులకూ పోరు నడుస్తుంటే, బయటి దేశం వచ్చి ఒక పక్షానికి తుపాకులు అందించవచ్చా? ఈ ప్రశ్న మీద ప్రపంచమంతా చెప్పుకునే తీర్పు ఒకటి ఉంది. ఆ తీర్పు వెనుక నలిగిన ఆదివాసుల గురించి మాత్రం తక్కువ మందికి తెలుసు. అందుకే మేము ఇక్కడ రాస్తున్నాం.

మధ్య అమెరికాలో నికరాగువా, హోండురస్ దేశాల మధ్య పారే కోకో నదిని మిస్కిటో ఆదివాసులు వాంకీ అంటారు. రెండు ఒడ్డులా వాళ్ళ ఊళ్ళే. 1906లో స్పెయిన్ రాజు చెప్పిన సరిహద్దు తీర్పు చెల్లుతుందని 1960లో హేగ్‌లోని అంతర్జాతీయ న్యాయస్థానం తేల్చింది. దాంతో వాళ్ళ ఏరే రెండు దేశాల మధ్య గీత అయింది. నాలుగు రాష్ట్రాల్లో చీలిపోయిన కోయల సంగతి తెలిసిన మనకు ఆ బాధ అర్థమవుతుంది.

1979లో సాండినిస్టాలు నియంత సొమోసాను కూలదోశారు. కొత్త ప్రభుత్వం పేదల పక్షమని చెప్పుకుంది. కానీ మిస్కిటోలు తమ భూమి, తమ పాలన అని అడిగితే అనుమానించింది, నాయకులను నిర్బంధించింది. చాలామంది ఏరు దాటి హోండురస్ వెళ్ళారు. అక్కడ అమెరికా కాంట్రాలనే తిరుగుబాటు దళాలకు ఆయుధాలూ శిక్షణా ఇస్తోంది. కొందరు మిస్కిటో యువకులూ ఆ తుపాకులు పట్టారు. 1982 జనవరి నుంచి ప్రభుత్వం ఏటి ఒడ్డు ఊళ్ళను ఖాళీ చేయించి, ఇళ్ళూ పంటలూ తగలబెట్టి, వేలమందిని లోపలి శిబిరాలకు తరలించింది.

1984లో నికరాగువా హేగ్‌లో అమెరికా మీద దావా వేసింది. పొరుగునున్న ఎల్ సాల్వడార్‌ను కాపాడటానికే ఇదంతా చేశామని అమెరికా వాదన. 1986 జూన్ 27న న్యాయస్థానం ఆ వాదనను తోసిపుచ్చింది. కాంట్రాలకు ఆయుధాలూ శిక్షణా ఇవ్వడం, నికరాగువా రేవుల్లో మందుపాతరలు పెట్టడం చట్టవిరుద్ధమని చెప్పింది. ప్రభుత్వం కోరితే బయటి దేశం సాయపడటం వేరు. ప్రతిపక్షం పిలిచిందని లోపలికి రావచ్చంటే ఏ దేశమైనా ఎప్పుడైనా ఎక్కడికైనా చొరబడగలదు. మానవ హక్కులను కాపాడే దారి బలప్రయోగం కాదని కూడా న్యాయస్థానం అంది. అమెరికా ఈ తీర్పును ఒప్పుకోలేదు. దాన్ని అమలు చేయాలన్న తీర్మానాన్ని భద్రతామండలిలో వీటోతో ఆపింది.

తీర్పు సరైనదేనని మేము అనుకుంటాం. అయితే ఆ న్యాయస్థానం మెట్లెక్కే హక్కు దేశాలకే ఉంది. ఊళ్ళు కాలిపోయిన మిస్కిటోలు అక్కడ కక్షిదారులు కాలేరు. పరాయి తుపాకి తప్పని చట్టం చెప్పింది. సొంత ప్రభుత్వం కాల్చిన ఇంటి మాట ఆ దావాలో లేదు.

ఆ మాట వేరేచోట తేలింది. ప్రభుత్వం మిస్కిటో నాయకులతో చర్చలకు కూర్చుంది. 1985 నుంచి జనం వాంకీ ఒడ్డుకు తిరిగి రావడం మొదలైంది. 1987లో అట్లాంటిక్ తీరానికి స్వయంపాలన చట్టం వచ్చింది. అది కాగితం మీద ఉన్నంతగా నేల మీద లేదు. బయటివాళ్ళ భూఆక్రమణలు ఇప్పటికీ ఆగలేదు. అయినా ఆ కాగితం మిస్కిటోలకు మాట్లాడుకోవడం వల్ల వచ్చింది. తుపాకి ఇచ్చిన దేశం వాళ్ళ భూమి కోసం రాలేదు, తన లెక్క కోసం వచ్చింది.