భద్రతా మండలిలో మన కుర్చీ

రాయపూర్ దేవేంద్ర నగర్‌లోని మా ఇంట్లో గోడ మీద, కాంగోలో నీలి టోపీ పెట్టుకుని దిగిన నా ఫొటో ఉంది. దాన్ని చూసి పక్కింటి తెలుగు అబ్బాయి, "అంకుల్, మన జవాన్లు శాంతి సేనలో ప్రాణాలిస్తున్నారు కదా, మరి భద్రతా మండలిలో మనకు శాశ్వత స్థానం ఎందుకు లేదు?" అని అడిగాడు. జవాబు చరిత్రలో ఉంది.

1945లో ఐక్యరాజ్య సమితి ఏర్పడినప్పుడు, యుద్ధంలో గెలిచిన పక్షంలోని ఐదు దేశాలు వీటోతో శాశ్వత సభ్యులయ్యాయి. మండలిలో అప్పుడు మొత్తం 11 స్థానాలు. చార్టర్ మార్చాలంటే సభ్యదేశాల్లో మూడింట రెండు వంతులు ఒప్పుకోవాలి. వాటిలో ఆ ఐదూ ఉండి తీరాలి.

2005లో భారత్, బ్రెజిల్, జర్మనీ, జపాన్ కలిసి తీర్మానం పెట్టాయి. కొత్త శాశ్వత స్థానాలే వద్దని పాకిస్తాన్, ఇటలీల వర్గం అడ్డం తిరిగింది. ఆఫ్రికా దేశాలేమో వీటోతో సహా రెండు స్థానాలు అడిగాయి. తీర్మానం ఓటింగుకే రాలేదు.

అలాగని నిరాశ పడనక్కరలేదు. 1963లో తాత్కాలిక స్థానాలను 6 నుంచి 10కి పెంచే తీర్మానాన్ని ఫ్రాన్స్, సోవియట్ యూనియన్ వ్యతిరేకించాయి. అమెరికా, బ్రిటన్ తటస్థంగా ఉన్నాయి. అయినా ఆసియా, ఆఫ్రికా దేశాలు ఒక్క మాట మీద నిలబడ్డాయి. 1965 నాటికి ఐదు దేశాలూ ఆమోదించాయి, మండలి 15 స్థానాలకు పెరిగింది. అయితే అప్పుడు శాశ్వత స్థానాల జోలికి ఎవరూ పోలేదు. ఇప్పటి చిక్కంతా అక్కడే.

మన దేశం 8 సార్లు తాత్కాలిక సభ్యత్వం చేసింది, ఆఖరుగా 2021-22లో. త్యాగం మనకు అర్హతను ఇచ్చింది బాబూ, కుర్చీ మాత్రం పదిమందినీ కలుపుకుంటేనే వస్తుందని ఆ అబ్బాయికి చెప్పాను.

జై హింద్.