వెయ్యి డాలర్లలో గేమింగ్ కంప్యూటర్: ఏ భాగానికి ఎంత?

2025 వేసవి సెలవుల్లో ఒక శనివారం, మా ఆఫీసులో పనిచేసే ఒక పెద్దాయన ఫోన్ చేశారు. "మావాడు రెండేళ్ళుగా పుట్టినరోజు డబ్బులూ, చుట్టుపక్కల ఇళ్ళలో గడ్డి కోసిన డబ్బులూ దాచి ఆరువందల డాలర్లు పోగేశాడండీ. ఇంకో నాలుగు వందలు నేను వేస్తానన్నాను. గేములాడే కంప్యూటర్ తనే బిగించుకుంటాడట. ఏవేవో కొనాలని పెద్ద జాబితా రాశాడు. నాకు ఒక్క ముక్క అర్థం కావడం లేదు. మీరొకసారి చూసిపెడతారా?" అన్నారు.

జాబితా చూశాను. దాదాపు సగం డబ్బు, అంటే 480 డాలర్లు, ఒక్క ప్రాసెసర్‌కే పోయింది. రంగురంగుల దీపాలున్న అద్దాల క్యాబినెట్‌కి మరో 150. మదర్‌బోర్డు, ర్యామ్, డిస్కు పోగా గ్రాఫిక్స్ కార్డుకి దక్కింది వంద డాలర్లు. పవర్ సప్లైకి ముప్ఫై.

పిల్లవాణ్ణి తప్పుపట్టడానికి లేదు. సికిందరాబాదు పార్క్ లేన్‌లోని సీటీసీకి వెళ్ళి "అసెంబుల్డ్ సిస్టమ్" కొనుక్కున్న రోజుల్లో మనమూ మొదట అడిగింది "ఏ ప్రాసెసరు?" అనే కదా. పెంటియమా, సెలెరానా అన్నదాన్నిబట్టే ఆ సిస్టమ్‌కి గౌరవం ఉండేది. గేముల కంప్యూటర్ లెక్క వేరు. ఆ అబ్బాయితో కూర్చుని జాబితా తిరగరాసినప్పుడు చెప్పిన విషయాలే ఇక్కడ వరుసగా రాస్తున్నాను. ఇంట్లో పిల్లలు ఇలాంటి కోరిక కోరిన తల్లిదండ్రులకీ, తమకోసమే ఒకటి బిగించుకోవాలని సరదాపడే మిత్రులకీ పనికొస్తుందని ఆశ.

ముందు తెర సంగతి చూడండి

"నీ దగ్గరున్న మానిటర్ ఏమిటి?" అని అడిగాను. వాళ్ళ నాన్నగారు ఇంటినుంచి పనిచేసేటప్పుడు వాడిన పాత 24 అంగుళాల మానిటర్. 1920 × 1080 చుక్కలు, సెకనుకి 60 సార్లు బొమ్మ మార్చగలదు. అంటే లోపలి కంప్యూటర్ సెకనుకి 200 బొమ్మలు తయారుచేసినా ఆ తెర చూపించేది అరవై మాత్రమే. 480 డాలర్ల ప్రాసెసర్ చేసే పనిలో చాలా భాగం కంటికే కనపడదు.

తెర మీద చుక్కల సంఖ్యనిబట్టి గ్రాఫిక్స్ కార్డు మీద బరువు పెరుగుతుంది. 1080 తెరలో సుమారు 20.7 లక్షల చుక్కలుంటాయి. 1440 తెరలో (2560 × 1440) 36.9 లక్షలు. 4కే తెరలో (3840 × 2160) 82.9 లక్షలు, అంటే 1080కి సరిగ్గా నాలుగింతలు. వెయ్యి డాలర్ల కంప్యూటర్‌తో 1080 హాయిగా, 1440 బాగానే ఆడుకోవచ్చు. 4కే మీద ఆశ పెట్టుకోకపోవడం మంచిది.

ఆడే గేములు కూడా ముఖ్యమే. వాలరెంట్, కౌంటర్ స్ట్రైక్ 2 లాంటి పోటీ ఆటలకి గ్రాఫిక్స్ కార్డు మీద పెద్ద బరువు ఉండదు. ప్రాసెసర్ చురుకుగా ఉండాలి, తెర 144 హెర్ట్జ్ లేక అంతకన్నా వేగంగా మారేదై ఉండాలి. సైబర్‌పంక్ 2077 లాంటి పెద్ద ఆటల్లో బరువంతా గ్రాఫిక్స్ కార్డు మీదే. మా కుర్రవాడు ఆడాలనుకున్నవి ఎక్కువగా రెండో రకం.

గ్రాఫిక్స్ కార్డు: పెద్ద వాటా దీనికే

ఆటలో ఎవరు ఎక్కడున్నారు, ఏది ఎటు కదిలింది అన్న లెక్కలు ప్రాసెసర్ చూస్తుంది. ఆ లెక్కనిబట్టి బొమ్మ గీసేది గ్రాఫిక్స్ కార్డు. పెళ్ళి పంక్తిలో వంటవాడు ఎంత వేగంగా వండినా, వడ్డించేవాళ్ళు ఇద్దరే ఉంటే విస్తళ్ళు ఖాళీగానే ఉంటాయి. అందుకే మొత్తం డబ్బులో మూడో వంతుకి పైగా గ్రాఫిక్స్ కార్డుకి తీసిపెట్టి, మిగతావి ఆ తర్వాత ఆలోచించండి.

2024 చివర, 2025లో ఈ తరగతిలో వచ్చిన కార్డులు, విడుదలనాటి ధరలు ఇవి:

ఇంటెల్ ఆర్క్ బీ580 (2024 డిసెంబరు): 12 జీబీ మెమరీ, 249 డాలర్లు.
ఎన్విడియా ఆర్‌టీఎక్స్ 5060 (2025 మే): 8 జీబీ, 299 డాలర్లు.
ఎన్విడియా ఆర్‌టీఎక్స్ 5060 టీఐ (2025 ఏప్రిల్): 8 జీబీ అయితే 379, 16 జీబీ అయితే 429 డాలర్లు.
ఏఎండీ ఆర్‌ఎక్స్ 9060 ఎక్స్‌టీ (2025 జూన్): 8 జీబీ అయితే 299, 16 జీబీ అయితే 349 డాలర్లు.

కంపెనీ ప్రకటించిన ధరా, దుకాణంలో ధరా ఒకటే అయివుండాలని లేదు. కొనే రోజున సరిచూసుకోండి. ఒకే పేరుతో 8, 16 జీబీ కార్డులు రెండూ అమ్ముతున్నారు కాబట్టి పెట్టె మీద సంఖ్య చదివి మరీ తీసుకోండి. కొత్త ఆటల్లో బొమ్మల నాణ్యత పెంచితే 8 జీబీ చాలడం లేదు. అది నిండిపోయాక ఆట ఉన్నట్టుండి తడబడుతుంది. మూడు నాలుగేళ్ళు వాడాలనుకుంటే ఆ యాభై డాలర్ల తేడా భరించడం మేలు. ఇంటెల్ కార్డు చవకే గానీ, పాత ప్రాసెసర్లతో జతచేస్తే దాని వేగం బాగా తగ్గుతుంది. మదర్‌బోర్డులో రీసైజబుల్ బార్ అనే సదుపాయం కూడా ఉండాలి.

వాడిన కార్డు కొనేవాళ్ళకి ఒక హెచ్చరిక. ఇండియానా జోన్స్ అండ్ ద గ్రేట్ సర్కిల్ (2024), డూమ్: ద డార్క్ ఏజెస్ (2025) లాంటి ఆటలు రే ట్రేసింగ్ సౌకర్యం ఉన్న కార్డు లేకపోతే నడవవు. ఒకప్పుడు రాజాలా వెలిగిన జీటీఎక్స్ 1080 టీఐకి అది లేదు. మా అబ్బాయి వంద డాలర్లకి చూసిపెట్టుకున్నది ఆ కాలపు కార్డే.

ప్రాసెసర్, మదర్‌బోర్డు

ఈ తెరకి ఆరు కోర్ల ప్రాసెసర్ చాలు. ఏఎండీ రైజెన్ 5 7600 (2023) అలాంటిది. 65 వాట్ల తరగతి, చల్లబరిచే ఫ్యాను పెట్టెలోనే వస్తుంది. పేరు చివర ఎక్స్ ఉన్నవాటిలో చాలావాటికి ఫ్యాను రాదు, విడిగా కొనాలి. ఇంటెల్‌లో పేరు చివర ఎఫ్ ఉంటే లోపల సొంత గ్రాఫిక్స్ ఉండదని అర్థం. గ్రాఫిక్స్ కార్డు పాడైన రోజున తెర మీద ఏమీ కనపడదు.

మదర్‌బోర్డు కొనేటప్పుడు సాకెట్ గురించి ఆలోచించండి. ఏఎండీ ఏఎం5 సాకెట్ 2022లో వచ్చింది. 2027, ఆ తర్వాత కూడా దాన్ని కొనసాగిస్తామని కంపెనీ చెప్పింది. నాలుగేళ్ళ తర్వాత ప్రాసెసర్ ఒక్కటే మార్చుకునే వీలుంటుంది. బీ650 తరగతిలో మైక్రో ఏటీఎక్స్ బోర్డు సరిపోతుంది. అంతకన్నా ఖరీదైన బోర్డు పెడితే ఆట వేగం పెరగదు.

మీ ఊరికి దగ్గరలో మైక్రో సెంటర్ దుకాణం ఉంటే ప్రాసెసర్, బోర్డు, ర్యామ్ మూడూ కలిపి అమ్మే కట్టలు తప్పక చూడండి. విడివిడిగా కొన్నదానికన్నా తరచు చాలా తక్కువకి వస్తాయి.

ర్యామ్, డిస్కు

ర్యామ్ ఎప్పుడూ రెండు కర్రలుగా కొనండి. ఒకే 16 జీబీ కర్ర కన్నా రెండు 8 జీబీ కర్రలు వేగంగా పనిచేస్తాయి. బోర్డులో నాలుగు గాళ్ళుంటే ప్రాసెసర్ వైపునుంచి రెండోదీ, నాలుగోదీ సాధారణంగా వాడాల్సినవి. ఏఎం5కి డీడీఆర్5-6000 రకం చక్కగా కుదురుతుంది. బిగించాక బయోస్‌లోకి వెళ్ళి ఎక్స్‌పో అన్నది ఆన్ చేయకపోతే ర్యామ్ తన అసలు వేగంతో పనిచేయదు. చాలామంది మరచిపోయేది ఇదే.

ధర విషయంలో మాత్రం జాగ్రత్త. 2025 చివరి నెలల్లో ర్యామ్ ధరలు విపరీతంగా పెరిగాయి. ఏఐ డేటా సెంటర్ల గిరాకీని తీర్చడానికి మెమరీ కంపెనీలు ఉత్పత్తిని అటు మళ్ళించడం దీనికి ముఖ్య కారణం. మామూలు కొనుగోలుదార్లకి అమ్మే క్రూషియల్ వ్యాపారం నుంచే తప్పుకుంటున్నట్టు మైక్రాన్ సంస్థ 2025 డిసెంబరులో ప్రకటించింది. అందుకని ముందు ర్యామ్ ధర చూసుకుని, దాన్నిబట్టి మిగతా జాబితా సవరించుకోండి. అవసరమైతే 32 జీబీ బదులు 16తో మొదలుపెట్టవచ్చు. ఇంట్లో పాత డెస్క్‌టాప్‌లో డీడీఆర్4 కర్రలుంటే, వాటితో పనిచేసే రైజెన్ 5 5600 లేదా ఇంటెల్ ఐ5-12400ఎఫ్ తీసుకుని ఆ ఖర్చు తప్పించుకోవచ్చు. ల్యాప్‌టాప్ కర్రలు డెస్క్‌టాప్‌లో పట్టవు.

డిస్కుకి 1 టీబీ ఎన్‌వీఎంఈ ఎస్ఎస్‌డీ చాలు. ఇప్పటి పెద్ద ఆటలు ఒక్కొక్కటీ వంద జీబీ దాటుతున్నాయి కాబట్టి 500 జీబీ త్వరగానే నిండిపోతుంది.

పవర్ సప్లై: పొదుపు పనికిరాని చోటు

ఇక్కడ నా సొంత అనుభవం చెప్పాలి. ఎం.ఎస్. చదివే రోజుల్లో నా కంప్యూటర్‌లో పవర్ సప్లై మార్చాను. కొత్తది వేరే కంపెనీది. పాత కేబుళ్ళు అప్పటికే క్యాబినెట్ లోపల చక్కగా సర్ది ఉన్నాయి. మళ్ళీ విప్పడమెందుకని వాటినే కొత్తదానికి తగిలించాను. చక్కగా పట్టాయి. మీట నొక్కగానే చిన్న చిటపట, కాలిన వాసన. హార్డ్ డిస్కు పోయింది. అందులో మా అక్క పెళ్ళి ఫోటోలున్నాయి. ఆ పెళ్ళికి సెలవు దొరక్క నేను వెళ్ళలేకపోయాను. అక్క ఓపిగ్గా పంపిన ఫోటోలవి. కొన్ని బంధువుల దగ్గర దొరికాయి. చాలావరకు దొరకలేదు.

తప్పు పూర్తిగా నాదే. కేబులు డిస్కుకి తగిలే కొస అన్నింటికీ ఒకటే. పవర్ సప్లైకి తగిలే కొసలో ఏ తీగలో ఎన్ని వోల్టులన్నది ఒక్కో కంపెనీ ఒక్కో తీరుగా పెడుతుంది. అందుకే పెట్టెలో వచ్చిన కేబుళ్ళు తప్ప వేరేవి ఎప్పుడూ వాడకండి.

మనం చెప్పుకుంటున్న కంప్యూటర్‌కి 650 వాట్లు ధారాళంగా సరిపోతుంది. 80 ప్లస్ గోల్డ్ అన్న ముద్ర విద్యుత్తు ఎంత తక్కువ వృథా అవుతుందో చెబుతుందే గానీ, లోపలి భాగాల మన్నిక గురించి చెప్పదు. కాబట్టి వారంటీ ఎన్నేళ్ళో కూడా చూడండి. ఏడు, పదేళ్ళ వారంటీ ఇచ్చేవి ఎనభై డాలర్ల లోపే దొరుకుతాయి. పేరులేని ముప్ఫై డాలర్ల సరుకు చెడిపోతే, తనతోపాటు మిగతావాటిని కూడా తీసుకుపోవచ్చు.

తర్వాతెప్పుడైనా కంప్యూటర్‌ని ఇండియా తీసుకువెళ్ళే ఆలోచన ఉంటే 100-240 వోల్టులు అని రాసున్నదే కొనండి. పాతరకం చవక సప్లైలకి వెనక 115/230 అని చిన్న మీట ఉంటుంది. అది 115 మీద ఉండగా మన ఊళ్ళో 230 వోల్టుల ప్లగ్గులో పెడితే అంతే సంగతులు.

క్యాబినెట్, మరచిపోయే ఖర్చులు

క్యాబినెట్‌కి ముందువైపు జాలీ ఉండి గాలి ఆడితే చాలు. గ్రాఫిక్స్ కార్డు పొడవు లోపల పడుతుందో లేదో కొలతలు చూసుకోండి. దీపాలు మీ ఇష్టం.

విండోస్ 10కి మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది కాబట్టి విండోస్ 11 ఖర్చు కూడా లెక్కలో వేసుకోండి. ఉచితమని లినక్స్ పెట్టుకుంటే చాలా ఆటలు నడుస్తాయి గానీ వాలరెంట్, ఫోర్ట్‌నైట్ నడవవు.

చివరికి తేలిన జాబితా

2025 వేసవి ధరల్లో, పన్ను కాకుండా, రమారమి ఇలా తేలింది:

గ్రాఫిక్స్ కార్డు, ఆర్‌ఎక్స్ 9060 ఎక్స్‌టీ 16 జీబీ: 350
ప్రాసెసర్, రైజెన్ 5 7600: 185
మదర్‌బోర్డు, బీ650: 125
ర్యామ్, 32 జీబీ: 90
ఎస్ఎస్‌డీ, 1 టీబీ: 65
పవర్ సప్లై, 650 వాట్లు: 80
క్యాబినెట్: 65
మొత్తం: 960 డాలర్లు

పన్నుతో వెయ్యి దాటిన కొద్ది డాలర్లూ, విండోస్ ఖర్చూ తండ్రిగారు పెట్టుకున్నారు. ఇప్పుడు కొనేవాళ్ళు ర్యామ్, ఎస్ఎస్‌డీ ధరలు కొత్తగా చూసి వేసుకోవాలి. వరుస మాత్రం అదే: తెర, గ్రాఫిక్స్ కార్డు, ఆ తర్వాత మిగతావి. పవర్ సప్లైలో కోత వద్దు.

బిగించిన రోజు నేనూ వెళ్ళాను. స్క్రూలన్నీ కుర్రవాడే బిగించాడు, నేను చేతులు కట్టుకుని చూశాను. మీట నొక్కాడు. ఫ్యాన్లు తిరిగాయి, తెర నల్లగానే ఉంది. ఒక నిమిషం, రెండు నిమిషాలు. వాళ్ళ నాన్నగారు నావైపు చూశారు. అబ్బాయి మొహంలో నెత్తురు చుక్క లేదు. రెండేళ్ళ గడ్డి కోత డబ్బు మరి. మానిటర్ కేబులు మదర్‌బోర్డుకి కాకుండా గ్రాఫిక్స్ కార్డుకే తగిలించాడని చూసి, "కంగారు పడకు, కొత్త ర్యామ్‌ని మొదటిసారి సరిచూసుకోవడానికి ఏఎం5 బోర్డులు కొన్ని నిమిషాలు తీసుకుంటాయి. ఆపేయకు" అన్నాను. మరి కాసేపటికి తెర వెలిగింది.

వారం తర్వాత ఆ అబ్బాయి ఫోన్ చేశాడు. "అంకుల్, మళ్ళీ డబ్బులు దాస్తున్నాను. ఈసారి 1440 మానిటర్." ఈసారి అడగకుండానే తెర దగ్గర మొదలుపెట్టాడు. మీరు జాబితా రాసేటప్పుడు కూడా మొదటి వరుసలో మీ మానిటర్ వివరం రాసుకోండి. రెండో వరుసలో ఏం రాయాలో అదే చెబుతుంది.