మర్రి నీడన ఆగిన రోడ్డు

2025 నవంబరు 3, సోమవారం. తాండూరు నుంచి పొద్దున్నే హైదరాబాద్ బయల్దేరిన ఆర్టీసీ బస్సు కిక్కిరిసి ఉంది. ఆదివారం ఇంట్లో గడిపి మళ్లీ కాలేజీలకు పోయే పిల్లలు, డ్యూటీకి వెళ్లేవాళ్లు. చేవెళ్ల దగ్గర మీర్జాగూడ. ఎదురుగా కంకర టిప్పర్.

గుద్దుకున్నాక టిప్పర్ బస్సు మీదికి ఒరిగింది. కంకర లోపలికి కుమ్మరించినట్టు పడింది. కూరుకుపోయినవాళ్లను జేసీబీలు పెట్టి తీయాల్సి వచ్చింది. 19 మంది పోయారు.

ఆ రోజే మాట పుట్టింది: మర్రిచెట్ల కోసం కేసులు వేయబట్టే రోడ్డు వెడల్పు కాలేదని, అందుకే ఇంతమంది పోయారని. పిల్లల్ని పోగొట్టుకున్న ఊళ్లలో ఆ కోపాన్ని తప్పుపట్టలేం. కానీ కథ అక్కడ మొదలవలేదు.

హైదరాబాద్-బీజాపూర్ రోడ్డు ఇది, 163వ జాతీయ రహదారి. అప్పా జంక్షన్ నుంచి మన్నెగూడ దాకా 46 కిలోమీటర్లు నాలుగు లైన్లు చేయాలి. ఈ దారి పొడవునా 900కు పైగా మర్రులు. నిజాం కాలంలో బాటసారుల కోసం నాటించారని చెబుతారు. నడివేసవిలో బండి మీద వెళ్లేవాళ్లకు తెలుసు: ఆ గొడుగుల కిందికి రాగానే మొహానికి కొట్టే వేడి ఒక్కసారి తగ్గుతుంది.

వెడల్పు అంటే వీటి మీద వేటే. 2021లో ప్రకృతి ప్రేమికులు జాతీయ హరిత ట్రిబ్యునల్ చెన్నై బెంచ్‌కు వెళ్లారు. చెట్టును పెకలించి వేరేచోట నాటొచ్చు కదా అంటారు. నాటొచ్చు. ముందు కొమ్మలన్నీ నరకాలి, వేళ్ల చుట్టూ మట్టిముద్దతో క్రేన్‌కు వేలాడదీయాలి, కొత్త గుంతలో నెలల తరబడి నీళ్లు పోయాలి. బతికినా ముందు మిగిలేది మోడు. చెట్టు బతికింది కాబట్టి కార్బన్ లెక్క సరిపోయిందనేవాళ్లు ఆ మోడు కింద ఓ మధ్యాహ్నం నిలబడాలి.

చివరికి 2025లో డిజైన్ మారింది. ఎక్కువ చెట్లను ఉన్నచోటే ఉంచి, కొన్నింటినే తరలించి రోడ్డు వేసుకోవచ్చని తేలింది. ట్రిబ్యునల్లో అడ్డు తొలగింది. ఆ తర్వాత కొద్ది రోజులకే మీర్జాగూడ.

అంటే చెట్లూ రోడ్డూ రెండూ ఇమిడే గీత ఉంది. దాన్ని మొదటి ప్లానులోనే ఎందుకు గీయలేదు? నన్నడిగితే, నాలుగేళ్లు పోయింది చెట్ల వల్ల కాదు, ఆ గీత ముందే గీయకపోవడం వల్ల.

రేపు మీ ఊరి రోడ్డుకు కొలతలు వేసే సర్వేవాళ్లు వస్తే, వాళ్ల మ్యాపులో చెట్లు గుర్తించారో లేదో ఆ రోజే అడగండి.